తుమ్ముల మందు, నాయన వాంగ్మూలం

కల్లూరులో మెడికల్ షాపు పెట్టుకున్న రాఘవేంద్రప్రసాద్ శెట్టి నా చేను తిన్నాడు, నా కొంప ముంచినాడు. ఈ మాట ఆరు నెలలుగా కనబడినోళ్ళకంతా చెప్తున్నాను. పని చేసే చోట చెప్పినాను. షేర్ ఆటోలో పక్కన కూర్చున్న ముక్కూమొగం తెలియనోళ్ళకు కూడా చెప్పినాను. "అట్లనా అప్పా" అని తలకాయ ఊపి దిగిపోతారు. ఒకరిద్దరు మాత్రం నిలబడి, "మందులమ్మే శెట్టి నీ చేను ఎట్లా తిన్నాడప్పా?" అని అడుగుతారు. వాళ్ళకు మొదటి నుంచి చెప్పాలంటే నేను చేసింది కూడా చెప్పాల్సి వస్తుంది. నోటితో అది రావడం లేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఆరో తరగతితో బడి మానినోణ్ణి, రాత కుదురుగా లేకపోతే ఓర్చుకోండి.

నా పేరు రంగస్వామి. మా ఊరు ఓర్వకల్లు దాటినాక రాళ్ళ గుట్టల పక్కన. రోజూ పొద్దున కల్లూరుకు వచ్చి, బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని చేసి, పొద్దు గూకేసరికి ఊరు చేరుకుంటాను. మాకున్నది ఒకటే చేను. వాన పడితే కందులు, కొర్రలు. పడకపోతే రాళ్ళే. ఆ పక్కనంతా ఫ్యాక్టరీలకు భూమి తీసుకుంటామని సర్కారు కాగితం పంపినాక ఆ రాళ్ళకు విలువ వచ్చింది.

మా నాయన పెద్దసుబ్బయ్య, ఆయన తమ్ముడు చిన్నసుబ్బయ్య, ఇద్దరూ నలభై ఏండ్ల కింద చేను పంచుకున్నారు. ఊరి పెద్దమనిషి కంబన్న ముందర నిలబడి, నడిమి గట్టు మీద ఒక రాయి పాతి, గుట్ట దిక్కు నీది, వాగు దిక్కు నాది అనుకున్నారు. కాగితం రాయించుకోలేదు. మా దిక్కు అన్నదమ్ములు కాగితం రాయించుకుంటే ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదని ఊరు నవ్వుతుంది. చిన్నాయనకు సంతకం వచ్చు గనక శిస్తు కట్టే పని ఆయనది. మా నాయన తన వంతు ఆయన చేతిలో పెట్టేవాడు, ఆయన పోయి కట్టి వచ్చేవాడు. అట్లా కట్టీ కట్టీ పట్టా పుస్తకంలో చేనంతా చిన్నాయన పేరు మీదనే నిలిచింది. ఆయన బతికున్నన్నాళ్ళూ అది ఎవరికీ పట్టలేదు. ఆయన పోయినాడు. కంబన్న కూడా పోయినాడు. చిన్నాయన కొడుకు వీరభద్ర మాత్రం, భూమికి దుడ్లు వస్తాయని తెలిసిన రోజే మా గడపలో నిలబడి, "పుస్తకంలో మా నాయన పేరు ఉండాది. పెదనాయనకు యాడిది బాగం?" అన్నాడు.

నేను తహసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టినాను. ఆ ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు. అర్జీ చదివి, "పుస్తకం ఒకటే చూసి రాయను. మీ నాయనను పిలుచుకొని రా. పంపకం ఎప్పుడు జరిగింది, ఎవరి ముందర, హద్దులేంటి, ఆయన నోటితో ఆయన చెప్పాల. చెప్పింది ఊర్లో విచారించి, సరిపోతే సగం మీ పేరున రాసి పంపుతా" అన్నాడు. సోమవారం పొద్దున పదకొండుకు రమ్మన్నాడు.

ఆ మాట విని నేను సంతోషపడుతూ ఇంటికి వచ్చినాను. మా నాయనకు డెబ్బై ఆరేండ్లు, అయినా మనిషి మతి గట్టిది. పంపకం నాడు ఏ పక్క ఎండ ఉండిందో, కంబన్న ఏ రాయి మీద కూర్చున్నాడో, తమ్ముడు ఎన్ని అడుగులు కొలిచినాడో అన్నీ చెప్తాడు. చేను ఇంక మా చేతిలో లేదు, పుస్తకంలో లేదు, మా నాయన నాలిక మీద ఉంది. అది చాలనుకున్నాను.

అప్పుడే తుమ్ములు మొదలైనాయి.

ఆ యేడు వానలు బాగా పడినాయి. పోయే భూమికి విత్తనం ఎందుకని ఎవరూ సేద్యం చెయ్యలేదు. బీడంతా వయ్యారిభామ మొలిచింది. నడుమెత్తు గడ్డి, దాని మీద తెల్లగా పూత. గాలి కొడితే ఆ పొడి నేరుగా మా ఇంట్లోకి వచ్చేది. మా నాయన ఒక తుమ్ము మొదలుపెడితే ఇరవై దాకా ఆగడు. కండ్లు ఎర్రగా, ముక్కు ధారగా కారేది.

"నాయనా, పంపకం నాడు ఎవరెవరు ఉండ్రి?" అని గురువారం నేను అడిగినాను, ఒకసారి చెప్పించి చూద్దామని.

"నేను, మా చిన్నోడు, కంబ..." అన్నాడు. ఆ తర్వాత తుమ్ములే. పంచెతో ముక్కు తుడుచుకొని మళ్ళీ మొదలుపెట్టినాడు. మళ్ళీ తుమ్ములు.

నాకు భయం పట్టుకుంది. ఆ ఆఫీసరు ముందర రోజుకు యాభై మంది నిలబడతారు. మా నాయన తుమ్ముతా కూర్చుంటే ఆయన ఎంతసేపు చూస్తాడు? ఇంకో రోజు రాపో అంటే, ఆ ఇంకో రోజు లోపల వీరభద్ర ఎవరిని పట్టుకుంటాడో.

మా నాయనకు అప్పటికే ఒంటికి పోవడం కష్టంగా ఉండేది. దానికి మాత్రలు సర్కారు ఆస్పత్రి నర్సు రత్నమణి నెలనెలా ఇచ్చేది. "ఈయనకు వేరే ఏ మందు ఏసినా ముందు నాకొక మాట చెప్పన్నా, చిన్న మాత్రయినా సరే" అని ఆమె చెప్పింది కూడా. చెప్తే ఆస్పత్రికి పిలుచుకొని రమ్మంటుంది, ఒక పూట కూలి పోతుంది. తుమ్ములకు కూడా ఆస్పత్రా అనుకున్నాను.

శుక్రవారం పని దిగి శెట్టి షాపుకు పోయినాను. మా లాంటోళ్ళం మందు పేరు చెప్పి అడగం. తలనొప్పికి రెండు, జలుబుకు ఒక సెట్టు, ఇట్లా అడుగుతాం. శెట్టి అట్టలోంచి కత్తెరతో కత్తిరించి, పాత పేపరు ముక్కలో చుట్టి ఇస్తాడు. పేరున్న ముక్క అట్టలోనే ఉండిపోతుంది. మాకు మిగిలేది రంగు.

"శెట్టీ, తుమ్ములు, ముక్కు కారుడు. ఒక సెట్టు కట్టియ్యి."

"ఎవరికప్పా?"

"ఇంట్లోకి."

ఆ ఒక్క మాట దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతాను. ముసలాయనకు అని చెప్తే శెట్టి ఇయ్యడు, డాక్టరు చీటీ తెమ్మంటాడు. మా వీధి గురమ్మ వాళ్ళ అత్తకు అట్లానే వెనక్కి పంపినాడు. అది తెలిసే ఇంట్లోకి అన్నాను. మా దిక్కు సగం మంది మందులు ఇట్లానే కొంటారు, ఉప్పూ పప్పూ మాదిరి.

"మూడు రోజులకు కడతాండా," అన్నాడు శెట్టి. "ఈ పసుపుది పొద్దున ఒకటి, రాత్రికి ఒకటి. మత్తుగా ఉంటాది, బండి నడపొద్దు."

"నాకు బండి యాడిది శెట్టీ, ఈ రెండు కాళ్ళు తప్ప."

"ఆ కాళ్ళతో కూడా నిదానంగా నడువు అయితే," అన్నాడు. పక్కనున్నోళ్ళు నవ్వినారు, నేనూ నవ్వినాను.

శనివారం తెల్లారేసరికి రెండు మాత్రలు పడినాయి. తుమ్ములు తగ్గినాయి గానీ నిలబడలేదు. మా నాయన పగలంతా పండుకున్నాడు. లేచి, "నాలిక అతుక్కుంటాందిరా, నీళ్ళియ్యి" అన్నాడు. నాకు కావాల్సింది తగ్గడం కాదు, ఒక్క తుమ్ము కూడా రాకూడదు. ఆ సాయంత్రం ఇంకో షాపుకు పోయినాను. "పసుపుదానితో పోలేదప్పా, ఇంకా గట్టిది ఇయ్యి" అన్నాను. వాడు తెల్లవి నాలుగు ఇచ్చినాడు. పసుపువి మానేసి ఇవి ఏసుకోమన్నాడో, వాటితో పాటు ఏసుకోమన్నాడో నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. ఇంటికి వచ్చేటప్పుడు గురమ్మ ఇంట్లో ఆగి, వాళ్ళ మనవరాలికి తాపిన ఎర్ర సిరప్పు సగం సీసా ఉంటే అది కూడా అడిగి తెచ్చుకున్నాను. దాని మీది కాగితం సగం చిరిగిపోయి ఉంది.

మా ఫ్యాక్టరీలో పెద్ద బండను ఒక్కడు ఎత్తలేడు. ముగ్గురం పడితే లేస్తుంది. మందు కూడా అట్లానే అనుకున్నాను. పసుపుది ఒక పక్క, తెల్లది ఒక పక్క, ఎర్రది కింద. మూడు రంగులు గదా, మూడు మందులు అనుకున్నాను.

ఆదివారం తుమ్ములు నిలబడినాయి. మా నాయన మంచం మీద కూర్చొని దుప్పటి దారాలు పీకుతున్నాడు. వాకిలి దిక్కు చూసి, "చిన్నోడు వచ్చినాడు, కూర్చోమనండి" అన్నాడు. వాకిట్లో ఎవరూ లేరు. చిన్నోడంటే చచ్చిపోయిన మా చిన్నాయన.

నా భార్య రామేశ్వరమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "మామ తేడాగా ఉండాడు. పొద్దున్నుంచి ఒంటికి కూడా పోలే. రత్నమణికి ఫోన్ చేద్దాం."

"చేస్తే ఆయమ్మ ఆస్పత్రికి రమ్మంటాది. రేపు పదకొండుకు ఆఫీసు."

"మనిషి చూడు ఎట్లుండాడో."

"తుమ్ముతాండాడా?"

"లేదు."

"అది చాలు. నువ్వు గమ్మునుండు. నిద్ర మబ్బు, ఒక రాత్రి పండుకుంటే పోతాది."

ఆమె ఫోన్ పక్కన పెట్టేసింది. ఆ మాట నేను అనకుండా ఉంటే ఈ కాగితం రాసే పని ఉండేది కాదు.

సోమవారం లేస్తానే మా నాయన రెండు తుమ్ములు తుమ్మినాడు. రెండే. ఒక పసుపుది, ఒక తెల్లది, ఒక మూత ఎర్రది అక్కడికక్కడే వేసినాను. తెల్ల చొక్కా తొడిగి, ఆటోలో కూర్చోబెట్టుకొని ఆఫీసుకు పిలుచుకొని పోయినాను.

వీరభద్ర ముందే వచ్చి ఉన్నాడు. వానికి నలభై దాటినాయి. మీసం, ముక్కు, నిలబడే తీరు అంతా మా చిన్నాయనదే. "పెదనాయనా, బాగుండావా?" అన్నాడు. వాన్ని చూసి మా నాయన మొగమంతా వెలిగింది. అట్లా వెలగడం నేను ఎన్నో ఏండ్లుగా చూడలేదు. నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. నేను ముక్కు దిక్కే చూస్తున్నాను. ముక్కు పొడిగా ఉంది.

లోపలికి పిలిచినారు. గుమాస్తా కాగితం పెట్టుకొని కూర్చున్నాడు.

"నీ పేరేంది పెద్దాయనా?" అన్నాడు ఆఫీసరు.

"పెద్దసుబ్బయ్య."

నేను ఊపిరి వదిలినాను.

"చేను పంపకం సంగతి చెప్పు. ఎప్పుడు పంచుకున్నారు?"

మా నాయన ఆయన దిక్కు చూడలేదు. చెయ్యి చాపి వీరభద్ర చెయ్యి పట్టుకున్నాడు. "యాడికి పోతివిరా ఇన్ని దినాలు? అన్నం తిన్యావా?" అన్నాడు.

వీరభద్ర ఒక్క గడియ బిత్తరపోయినాడు. ఆ తర్వాత ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకొని, "యాడికీ పోలే, ఈడనే ఉండాను" అన్నాడు.

"పెద్దాయనా, ఈ చేను ఎవరిది?" అన్నాడు ఆఫీసరు.

"వీనిదే సారూ. అంతా వీనిదే. శిస్తు కట్టేది వాడే గదా."

"నీకు బాగం లేదా?"

"నాకేల? వాడు చిన్నోడు, వాడు బతకాల."

నేను ముందుకు పోయినాను. "సార్, మా నాయనకు ఈ పొద్దు మతి సరిగ్గా లేదు. చచ్చిపోయిన తమ్ముడు అనుకుంటాండాడు సార్."

"చూడు రంగా," అన్నాడు వీరభద్ర. "నీకు పనికొచ్చేది చెప్తే మతి ఉన్నట్టా, లేకపోతే లేనట్టా? ఇంటి నుంచి ఎవరు పిలుచుకొని వచ్చినారు, నేనా?"

గుమాస్తా నవ్వు ఆపుకున్నాడు. ఆఫీసరు నా దిక్కు తిరిగినాడు. "పేరు సరిగ్గా చెప్పినాడు గదప్పా. నువ్వే తెచ్చిన సాక్షి, నువ్వే కాదంటే ఎట్లా?" అని, ఇంకోసారి అదే ప్రశ్న అడిగినాడు. మా నాయన ఇంకోసారి అదే చెప్పినాడు, ఇంకా ప్రేమగా. గుమాస్తా రాసుకొని చదివి వినిపించినాడు. మా నాయన తల ఊపి వేలిముద్ర వేసినాడు. అంతసేపూ ఆయనకు ఒక్క తుమ్ము రాలేదు.

ఆఫీసు మెట్ల మీద ఆయన కడుపు పట్టుకొని కూలబడినాడు. చెయ్యి పెడితే పొత్తికడుపు బండ మాదిరి ఉంది. కర్నూలు ఆస్పత్రికి పోయేసరికి మధ్యాహ్నం రెండున్నర. అక్కడ డాక్టరమ్మ ఒంటికి పోయేటందుకు గొట్టం వేసింది. సంచి నిండింది, మార్చినారు, అదీ సగం నిండింది.

"ఏమేం మందులు ఏసినారు?" అని అడిగింది.

జేబులోంచి పేపరు పొట్లాలు తీసి బల్ల మీద పెట్టినాను. "పసుపుది, తెల్లది, ఇంట్లో ఒక ఎర్ర సిరప్పు ఉండాది."

"పేర్లు?"

పేర్లు లేవు. ఆమె ఆ పేపరు ముక్కలను ఇటూ అటూ తిప్పింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "పోయి పేర్లు రాయించుకొని రండి, త్వరగా" అంది.

కల్లూరుకు పోయి శెట్టి గొంతు పట్టుకుందామనే పోయినాను. షాపు ముందర గుంపు ఉంది. వాళ్ళందరి ముందరా, "నువ్విచ్చిన మందుకు మా నాయన పిచ్చోడైనాడు, చేను రాసిచ్చినాడు" అన్నాను.

శెట్టి లేచి నిలబడినాడు. "మీ నాయనకా? ఎవరికప్పా అంటే ఇంట్లోకి అంటివి. డెబ్బై ఆరేండ్ల మనిషి, ఒంటి మందు వాడుతాండాడు అని ఒక్క మాట అనింటే ఈ పసుపుది ఇస్తునా నేను?"

"రెండోసారి అడగాల్సింది నువ్వు. అమ్మేది నువ్వు."

"అడగాల్సింది. అది నా తప్పే. నువ్వు ఇంకో షాపుకు పోయి ఇంకో మందు తెచ్చి దీంట్లో కలిపింది ఎవరి తప్పు?"

అట్ట తీసి పేరు చీటీ మీద రాసిచ్చినాడు. అదే మొదటిసారి ఆ మందుకు పేరుందని నేను చూడటం. తెల్లదాని పేరు రెండో షాపులో రాయించుకున్నాను. ఎర్ర సీసా రామేశ్వరమ్మ తెచ్చింది.

డాక్టరమ్మ చీటీలు, సీసా మీద మిగిలిన కాగితం చూసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని చెప్పింది. పసుపు మాత్రలో ఉన్న మందే ఎర్ర సిరప్పులోనూ ఉందంట. తెల్లది పేరు వేరు, పని అదే. అంటే ముగ్గురు మూడు దిక్కుల పట్టింది కాదు, ఒకే మనిషి మీద మూడు బండలు పెట్టినాను. పాతకాలపు ఆ పసుపుది వయసు మళ్ళినోళ్ళకు మతి తప్పిస్తుందంట, నోరు ఎండిస్తుందంట, ఒంటికి పోనియ్యదంట. "మత్తు తక్కువుండే రకం రోజుకు ఒక్కటి సరిపోయేది. అది కూడా ఆయన వాడే మందులు చెప్పి, అడిగి. ఒకదానితో పోకపోతే ఇంకొకటి కలిపేది కాదు, వచ్చి చూపించేది. ముందు ఆ గడ్డి పూత రాకముందే పీకించాల, గాలి వచ్చే పక్క కిటికీ మూయాల, మొగానికి గుడ్డ కట్టాల, ఉప్పునీళ్ళతో ముక్కు కడగాల" అని చెప్పింది. ముఖ్యమైన పని ఉన్న రోజు కొత్త మందు మొదలుపెట్టకూడదని కూడా చెప్పింది. నేను విన్నాను. అప్పటికి వేలిముద్ర ఆరిపోయి ఐదు గంటలైంది.

ఐదో రోజు మా నాయనకు మతి వచ్చింది. గుడ్డతో కండ్లు తుడుచుకొని, "రంగా, ఆఫీసుకు ఎప్పుడు పోవాల?" అన్నాడు.

"పోయి వచ్చినాం నాయనా."

"నేనేం చెప్పినా?"

రామేశ్వరమ్మే దగ్గర కూర్చొని నిదానంగా చెప్పింది. ఆయన అంతా విని, "చిన్నోడు నిజంగానే వచ్చినాడు గదమ్మా, నా చెయ్యి పట్టుకున్నాడు" అన్నాడు. ఇంకొంచెంసేపటికి, "నన్ను ఎత్తుకోని పోరా, హద్దులు చెప్తా" అన్నాడు.

ఎత్తుకొనే పోయినాను. పంచె కింద గొట్టం, చేతిలో సంచి. ఫైలు పైకి పోయిందన్నారు. పై ఆఫీసుకు పోయినాం. డాక్టరమ్మ ఇచ్చిన కాగితం చూపించినాను. అక్కడి ఆఫీసరు చదివి, "ఆస్పత్రిలో చేరింది మధ్యాహ్నం రెండున్నరకు అని ఉంది. వాంగ్మూలం పొద్దున పదకొండున్నర. పొద్దున మతి లేదని ఇందులో యాడుంది?" అన్నాడు. మా నాయన నిలబడి కంబన్న కూర్చున్న రాయి నుంచి మొదలుపెట్టి నాలుగు దిక్కుల హద్దులూ ఒక్క తడబాటు లేకుండా చెప్పినాడు. ఆ ఆఫీసరు మర్యాదగానే విన్నాడు. "పెద్దాయనా, ఇది ఆ రోజు చెప్పాల్సింది" అన్నాడు.

వీరభద్ర దగ్గరికి పోయి కాళ్ళు పట్టుకున్నాను. నాకంటే ఏడేండ్లు చిన్నవాడు. "సగం వద్దు, పావు బాగం ఇయ్యిరా" అన్నాను. "పెదనాయన నోటితో ఇచ్చినాడు. నేనేమన్నా గుంజుకున్నానా?" అని తలుపు వేసుకున్నాడు. సర్కారు దుడ్లు వాని ఖాతాలో పడినాయి. చేనుకు కంచె పడింది. కోర్టుకు పోవచ్చు అని వకీలు అన్నాడు, పదేండ్లు పడుతుంది, సాక్షి బతికి ఉండాల అన్నాడు. సాక్షి మా ఇంట్లో మంచం మీద తుమ్ముతున్నాడు. మందు తెస్తానంటే చెయ్యి అడ్డం పెడతాడు.

శెట్టిని తిట్టడం నేను మానలేదు. మానితే తిట్టడానికి నేనొక్కణ్ణే మిగులుతాను. ఓర్వకల్లు మండలంలో మా నాయన బాగం, వాగు దిక్కు సగం, మూడు దినాల్లో నా చేతులారా పోగొట్టింది, ఒక ఎకరా ఎనభై ఏడు సెంట్లు.